తుడిస్తే గుర్తుపట్టని కీబోర్డు

ఎవరైనా దయ్యాల మాటెత్తితే విసుక్కుని లేచిపోయే మనిషిని నేను. ఇప్పుడూ నమ్ముతున్నానని చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను.

మాదాపూర్‌లో అప్పుడప్పుడే అద్దాల భవనాలు లేస్తున్నాయి. తొంభైల చివర. ఒక చిన్న కంపెనీలో కొత్తగా చేరాను, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మా సిస్టములన్నీ విండోస్ కాదు, లినక్స్ మీద నడిచేవి. యూఎస్‌బీ కీబోర్డు తగిలిస్తే అది దానంతటది గుర్తుపట్టే రోజులు కావవి. సికింద్రాబాద్ కస్టమర్ ఒకాయన అలాంటి కీబోర్డు పంపి, మా సిస్టమ్ మీద నడవాలన్నాడు.

"ఇది నడిపించావంటే నీ ఉద్యోగం ఖాయమైనట్టేనమ్మా" అన్నారు మా మేనేజరు మూర్తిగారు.

పెట్టె టేపు కోసి తెరిచాను. మీటల మీద జిడ్డు. సందుల్లో వెంట్రుకలు, ఎండిన మెతుకులు, ఒక గోరుముక్క. మురిగిన తలనూనె కంపు. ఎవరో వాడి పారేసింది పంపారనుకున్నాను. ముక్కుకు చున్నీ కట్టుకుని స్పిరిట్‌తో తుడిచాను. దాన్ని నడిపే ప్రోగ్రామ్, డ్రైవర్, ఎక్కించి తగిలిస్తే, సిస్టమ్ దాన్ని గుర్తుపట్టలేదు.

సాయంత్రం ఇనప బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాను. మర్నాడు తీస్తే మళ్లీ జిడ్డు. మళ్లీ మెతుకులు, ఈసారి తడిగా. నేను ముట్టుకోలేక పక్కకు జరిగితే, నాతోపాటు చేరిన యాదగిరి తగిలించి చూశాడు. వెంటనే గుర్తుపట్టింది. ప్రతి అక్షరం సరిగ్గా పడింది.

తుడిచాను. మళ్లీ గుర్తుపట్టలేదు.

"ఏంది పద్మా, మల్ల తుడిచినవా? గట్లనే ఉండనియ్యి" అన్నాడు యాదగిరి.

వేరే మిషన్‌కు తగిలించి చూశాం. అదే తంతు. బీరువా తాళంచెవి యాదగిరి తీసుకెళ్లిన రోజు కూడా తెల్లారేసరికి అదే జిడ్డు.

కస్టమర్ చూడ్డానికి వచ్చిన డెమో రోజు తుడవలేదు. అందరి ముందు ఆ మీటల మీద వేళ్లు పెట్టాను. అంటుకున్నాయి. ఎవరో తిని, చేయి కడుక్కోకుండా ఇప్పుడే లేచినట్టు వెచ్చగా ఉన్నాయి. అలాగే టైపు చేశాను. అంతా సజావుగా నడిచింది.

కస్టమర్ తనూ రెండు మీటలు నొక్కి, చేయి వెనక్కి లాక్కున్నాడు. వేళ్లు వాసన చూసి రుమాలుతో తుడుచుకున్నాడు.

"ఏందమ్మా ఇది? మేం సీలు గూడ తియ్యకుండ పంపినం గద."

మూర్తిగారు నా చేతులవైపు చూశారు. యాదగిరి తల దించుకుని వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు.

ఉద్యోగం ఖాయమైంది. ఆ జిడ్డు ఎవరిదో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ గదిలో ఉన్నవాళ్లు మాత్రం నాదే అనుకున్నారు.