ఎండలో వెలిగే ఎర్రదీపం

ఎనభైల్లో ఒక మే నెల, మిట్టమధ్యాహ్నం. హైదరాబాదు రోడ్డు మీద మడికొండ దగ్గర మా అంబాసిడర్‌లో ఛార్జింగ్ ఎర్రదీపం వెలిగింది. పక్క సీట్లో పెళ్లికొడుకు, మా తమ్ముడు. ఇంట్లోవాళ్లంతా ముందే వెళ్లిపోయారు, వాడికి సెలవు దొరకక మేమిద్దరమే వెనకబడ్డాం. ముహూర్తం ఆ రాత్రే, సికింద్రాబాదులో. ఆ దీపం వెలిగిందంటే బ్యాటరీకి ఛార్జింగ్ ఎక్కడం లేదన్నమాట, అది అయిపోతే కారు దారిలోనే ఆగిపోతుంది.

రోడ్డు పక్క ఎలక్ట్రీషియన్ కారును షెడ్డు నీడలో పెట్టించాడు. "ఇంజన్ కాలుతాంది. జర సల్లబడనియ్యి అన్నా" అని మంచం మీద వాలాడు. చల్లబడ్డాక స్టార్ట్ చేస్తే దీపం ఆరిపోయింది. "మంచిగనే ఉన్నది గద" అన్నాడు. రోడ్డెక్కి కాస్త దూరం పోగానే మళ్లీ వెలిగింది. వెనక్కి తెస్తే మళ్లీ చల్లార్చాడు. మళ్లీ మంచిగనే ఉంది.

"వేడెక్కితే వచ్చే జబ్బు చల్లార్చి చూస్తే ఎలా కనపడుతుందయ్యా? అవతల వీడి పెళ్లి" అని అరిచాను.

అతను లేచి కూర్చున్నాడు. "లగ్గం గీ పిలగానిదా, కారుదా?"

రోడ్డుకు అడ్డంగా నిలబడి హైదరాబాదు బస్సు ఆపాడు. తన జేబులోంచి ఉల్లిగడ్డ తీసి తమ్ముడి చొక్కా జేబులో వేశాడు. అది ఉంటే వడదెబ్బ తగలదట. నాకు మాట్లాడే సందివ్వకుండా వాణ్ని ఎక్కించేశాడు.

నేను కారును వదల్లేక అక్కడే ఉండిపోయాను. ఆ పెళ్లిని ఫోటోల్లోనే చూశాను. ఎదురుకోలు ఫోటోలో పెళ్లికొడుకు జేబు ఎందుకు ఉబ్బి ఉందని మాత్రం అందరూ నన్నే అడుగుతారు.