చీకట్లో మిగిలిన వాటా

మా అమ్మాయి నిశ్చితార్థం. నూజివీడు దగ్గర మామిడితోటలో ఉన్న మా డాబాలో సగం మాది, సగం మా బావగారిది. మావారు పిట్టగోడను ఆ చివర నుంచి ఈ చివరకు కొలిచి, సరిగ్గా అంతే పొడవు సీరియల్ లైట్లు తెచ్చారు. కింద ప్లగ్గు నుంచి డాబా పైకెక్కడానికే బోలెడు పోతుందని ఆయనకు తట్టలేదు. సాయంత్రం స్విచ్ వేస్తే, వెలుగు బావగారి వాటా మొదట్లోనే ఆగిపోయింది.

మగపెళ్ళివారు కారు దిగుతుండగా మా తోటికోడలు బయటికొచ్చి అరిచింది. "మా ఇంట్లో ఎవరన్నా చచ్చారనుకున్నారా, మా వైపు చీకటి చేశారు?" అంటూ ప్లగ్గు పీకేసింది. కాబోయే వియ్యపురాలు గుమ్మంలోనే నిలబడిపోయింది.

లైట్లు చాలకపోతే ఇంకో దండ కొనుక్కోవచ్చు. శుభమా అని నిశ్చితార్థం జరుగుతుంటే అన్న ఆ మాటను ఎవరు వెనక్కి తీసుకుంటారు?

పెళ్ళికి రెట్టింపు పొడవు కొన్నాను. మొత్తం మా సగానికే చుట్టించాను.