వీరన్న గుమ్మం ముందు జప్తు డప్పు

1888లో నేను మునసబు కోర్టులో అమీనుని. డిక్రీ, అంటే కోర్టు తీర్పు, వచ్చినా బాకీ చెల్లించని వాళ్ళ ఇంటికి వెళ్ళి ఆస్తి జప్తు చేయడం నా పని. తీర్పు చెప్పిన దొరలకు దండాలు, తిట్లన్నీ నాకు.

ఉప్పాడ నేతగాడు వీరన్న మీద నూలు వర్తకుడు సుబ్బయ్య శెట్టికి డిక్రీ ఉంది. మగ్గం జప్తు చేయాలని శెట్టి పట్టు. పనివాడి పనిముట్లు ముట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. చివరికి ఇంటి మీద జప్తు ఉత్తరువు తెచ్చుకున్నాడు. ఇల్లు జప్తు చేస్తే గుమ్మం ముందు డప్పు కొట్టించి ఊరందరికీ చాటాలి.

మమ్మల్ని చూసి వీరన్న మగ్గం మీంచి లేచి వచ్చాడు. "అమీను గారూ, ఇల్లు రాసుకోండి, కాదననండి. ఆ డప్పొక్కటీ వద్దండి. పిఠాపురం వర్తకుడొకాయన నూలు అరువిస్తానన్నారండి. ఈ సంగతి తెలిస్తే ఇంకిస్తారాండి? నూలు లేకుండా ఈ బాకీ ఎలా తీర్చనండి?"

మాట న్యాయంగానే ఉంది. శెట్టిని పక్కకు పిలిచాను. "కొన్నాళ్ళు ఆగండి. నాలుగు చీరలు దిగితే మీ డబ్బే కదండీ వచ్చేది."

"సర్కారు మీకు జీతమిచ్చేది నాకు నీతులు చెప్పడానికాండి?" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. కానీ డిక్రీ అతనిది, ఆగడం మానడం అతని ఇష్టం. డప్పు మోగింది. వీధి వీధంతా బయటికొచ్చి చూసింది.

అరువు నూలు రాలేదు. చట్టం అంత భద్రంగా కాపాడిన మగ్గానికి బూజు పట్టింది. పోనీ ఇల్లన్నా అమ్ముడుపోయిందా అంటే, ఏటేటా సముద్రం కోసుకుపోతున్న ఆ వీధిలో వేలం పాట పాడేవాడే లేడు. ఆ కోపం కూడా శెట్టి నా మీదే చూపించాడు.

ఏడాది తిరిగాక శెట్టికి జ్ఞానోదయమైంది. తానే నూలిస్తానని, నేసి తీర్చమని వీరన్నతో చెప్పమన్నాడు. వెళ్ళాను. గుమ్మంలో అతని భార్య ఒక్కతే ఉంది.

"ఇప్పుడిస్తారాండి నూలు? ఆయన రంగూన్ రేవులో బస్తాలు మోస్తున్నారండి" అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

డిక్రీ వసూలు చేసుకునే హక్కు ఇస్తుందే గాని, బాకీదారుకి సంపాదన ఇవ్వదు. బజారులో అతని మాట చెల్లినన్నాళ్ళే అప్పిచ్చినవాడికి ఆశ. ఇన్నేళ్ళ కొలువులో నేను నేర్చుకున్నది ఇదే. శెట్టికీ ఇదే విడమరిచి చెప్పాను.

అంతా ఓపిగ్గా విని, "అయితే ఈ డిక్రీని రంగూన్ కోర్టుకి పంపించొచ్చాండి?" అని అడిగాడు.