ముడి పైన కత్తెర

కాశిబుగ్గ చరిత్ర ఎవరైనా తీరిగ్గా రాస్తే, అందులో ఒక అధ్యాయం ఎల్లస్వామి పొద్దుటి చాయ్‌కి కేటాయించక తప్పదు. ఈ ఇరవై రెండేళ్లలో ఒక రాష్ట్రం రెండయింది, ఒక జిల్లా ముక్కలై పేర్లు మార్చుకుంది. ఎల్లస్వామి మాత్రం ప్రతిరోజూ ఆరింటికల్లా స్టీలు గ్లాసు పట్టుకుని పెరటి గోడ పక్క గులాబి చెట్టు ముందు నిలబడుతూనే ఉన్నాడు. వానాకాలం గొడుగు కింద నిలబడ్డాడు. కరోనా కాలంలో మాస్కు గడ్డం కిందికి జరుపుకుని నిలబడ్డాడు. ఒకసారి నూట రెండు జ్వరంతోనూ నిలబడ్డాడు.

ఆ చెట్టు ఆయన భార్య కళావతికి తల్లి ఇచ్చినది. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి ప్యాసింజర్ బండిలో చంటిపిల్లలా ఒడిలో పెట్టుకుని తెచ్చుకుంది. ముదురు ఎర్రటి పూలు పూసేది. ఇచ్చిన ఏడాదే ఆ పెద్దామె పోయింది. అప్పట్నుంచి దాన్ని ఎవరూ చెట్టు అనలేదు, ‘అమ్మ గులాబి’ అన్నారు. దానికి వేరే పేరు ఉంటుందన్న ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు.

జనవరిలో కళావతి అక్కకు మోకాలి ఆపరేషనయితే, చూసుకోవడానికి కళావతి సిరిసిల్ల పోయింది. పోతూ పోతూ గడపలో ఆగి ఒక్కటే చెప్పింది.

“అమ్మ గులాబి పైలం. నీళ్లు పొయ్యి. ఇంకేం చెయ్యకు.”

ఆ చివరి మాటే ఎల్లస్వామి వినలేదు. నలభై ఏళ్లు జంపఖానాలు నేసిన చెయ్యి ఖాళీగా ఉండలేదు. ఒకరోజు చెట్టు మొదట్లోకి వంగి చూస్తే కాండం మీద ఉబ్బెత్తుగా ఒక బుడిపె కనిపించింది. దాని పైన రెండు మూడు ఎండు పుల్లలు, చారెడు ఆకులు. దాని కిందినుంచి గోడవారగా నిగనిగలాడే పచ్చటి కొమ్మ ఒకటి మనిషెత్తు సాగింది. సాలెవాడి కంటికి అది స్పష్టంగా ముడి. తెగిన పోగును ముడివేశాక పైన మిగిలిన తోకను కత్తిరించాలి. లేకపోతే అది పక్క పోగుల్లో చిక్కుకుని వాటినీ తెంపుతుంది. మగ్గం ముందు కూర్చున్న మొదటిరోజు తండ్రి నేర్పిన పాఠం అది. మొలలోని కత్తెర తీసి ముడి పైనున్నదంతా శుభ్రంగా కోసేశాడు. ఒక మంచిపని చేసిన తృప్తితో ఆ పూట రెండో గ్లాసు చాయ్ కూడా తాగాడు.

మార్చిలో పచ్చకొమ్మ పూసింది. రూపాయి బిళ్లంత పూలు, పువ్వుకు అయిదే రేకులు, గుత్తులు గుత్తులుగా. తెలుపే, అంచుల్లో గులాబిరంగు అంటీ అంటనట్టు. ఎల్లస్వామి చేతిలోని గ్లాసు జారి పాదాల మీద పడింది. చాయ్ వేడిగా ఉందన్న సంగతి ఆయనకు చాలాసేపటికి గాని తెలియలేదు.

ఆ సాయంత్రం కళావతి ఫోను చేసింది.

“అమ్మ గులాబి ఎట్లున్నది?”

“మంచిగున్నది.”

“పూసిందా?”

“పూసింది.” ఇందులో అబద్ధమేమీ లేదని మనసుకు చెప్పుకున్నాడు. మనసు ఒప్పుకోలేదు.

“ఏదీ, ఫోటో పెట్టు.”

“ఫోన్ల చార్జింగ్ లేదు.”

“మరి నాతోని దేంతోని మాట్లాడ్తానవ్?”

ఎల్లస్వామి ఫోను కట్ చేశాడు. పెళ్లయ్యాక ఆమె మాట్లాడుతుండగా ఆయన ఫోను పెట్టేయడం అదే మొదటిసారి. దాంతో భయం రెండింతలయింది. శుక్రవారం వస్తానని ఆమె మెసేజ్ పెట్టింది. అంటే మూడురోజులు.

మర్నాడు ఒక పూలగుత్తిని తడిగుడ్డలో చుట్టి, దవాఖానకు పసిపిల్లను తీసుకుపోయినట్టు హన్మకొండలో ఒక నర్సరీకి తీసుకుపోయాడు. ఎర్రపూల చెట్టుకు ఇవి పూశాయని చెబితే, నర్సరీ రాజమౌళి గుడ్డ విప్పి ఆకులు లెక్కపెట్టాడు.

“ఈనెకు ఏడాకులున్నయ్. ఎర్రదానికి ఎక్కువంటే అయిదే ఉంటయ్. కాకా, ఇది ఏడికెల్లి మొలిచింది?”

“ముడి కిందికెల్లి.”

“పైనున్నదో?”

“కోసిన.”

రాజమౌళి చేతిలోని కుండీ కింద పెట్టాడు. “అది ముడి గాదు కాకా, అంటు. కింద నాటు గులాబి, దాని మీద మంచి రకం కడ్తం. నువ్వు పెండ్లిపిల్లను తోలేసి పల్లకి మోసేటోన్ని ఇంట్ల పెట్టుకున్నవ్.”

“మళ్ల రాదా?” అన్నాడు ఎల్లస్వామి.

“కోసిన కొమ్మలేవి?”

“పొయ్యిల పెట్టిన. స్నానానికి నీళ్లు కాగినయ్.”

“మంచిగ కాగినయా?” అని నవ్వబోయి, ఆయన ముఖం చూసి మానుకున్నాడు. “సరే, రకం పేరు చెప్పు. ఉంటే ఇస్త.”

“అమ్మ గులాబి.”

రాజమౌళి నాలుగు ఎర్రగులాబి కుండీలు తెచ్చి వరసగా పెట్టాడు. “రేకు లోపలికి ముడుచుకునేదా, బయటికి ఒంగేదా? వాసన ఉండెనా? ముండ్లు దట్టంగనా, పల్చగనా? చెప్తే గుర్తుపడ్త.”

ఎల్లస్వామి నాలుగు కుండీలూ వంగి వంగి చూశాడు. మూడు వాయిల్లో రంగు అద్దిన ఎర్రనూలు మూడు కండెలు ముందు పెడితే ఏది ఏ వాయిదో బారెడు దూరంనుంచి చెప్పగల మనిషి. ఆ పువ్వు ముందు ఇరవై రెండేళ్లు నిలబడ్డాడు. దానికి వాసన ఉందో లేదో చెప్పలేకపోయాడు. ఒట్టి చేతులతో ఇంటికొచ్చాడు.

శుక్రవారం వచ్చింది. ఎల్లస్వామి పెద్ద నీలంచారల జంపఖానా ఒకటి తడిపి, ఆరేసినట్టుగా గోడమీంచి గులాబి మీదికి పరిచాడు. చెప్పాల్సిన మాటలు నాలుగు రకాలుగా అనుకున్నాడు. గేటు చప్పుడైతే నాలుగూ మరిచిపోయాడు.

కళావతి సంచి కింద పెట్టి, కాళ్లు కడుక్కోకుండానే పెరట్లోకి నడిచింది. జంపఖానా వైపు చూసింది. మొగుడి వైపు చూసింది. జంపఖానా ఎత్తింది.

“ఇదేంది?”

“కోసిన,” అన్నాడు ఎల్లస్వామి. “ముడనుకొని కోసిన.”

“మొత్తమా?”

“మొత్తం.”

కళావతి నీళ్ల బిందె బోర్లించి దానిమీద కూర్చుంది. తలవంచుకుని కొంగుతో మొహం తుడుచుకుంది. గుత్తుల మీద తేనెటీగలు రొద చేస్తున్నాయి. ఆమె ఏడుస్తోందనుకున్నాడు ఎల్లస్వామి. ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు.

“పీడ పోయింది,” అంది కళావతి.

“ఏందీ?”

“ఏడాదికి మూడుసార్లు పురుగు, నాలుగుసార్లు బూజు. మందు కొట్టి కొట్టి నా చేతులు పోయినయ్. మా అమ్మ దాన్ని సాదలేకనే నాకు అంటగట్టింది. ఎన్నడో పీకేస్తుంటి.”

“మరి పీకకపోతివి?”

“ఎట్ల పీకుత? తెల్లారి లేస్తే దాని ముంగట నిలబడే చాయ్ తాగుతవాయె. జ్వరమొచ్చినా ఇడువకపోతివి. గంత పానం పెట్టుకున్నోనివి, పీకితే ఏమైతవో అని భయపడ్డ.”

ఎల్లస్వామి జంపఖానాను గోడమీదికి లాగి ఈసారి నిజంగానే ఆరేశాడు.

మర్నాడు ఆరింటికి గ్లాసు పట్టుకుని, తెల్ల గులాబి ముందు ఎప్పటి చోటే నిలబడ్డాడు. ఇంటికి ఉన్న ఒక్క నల్లా ఆ గోడకే ఉంది. నీళ్లు ఆరింటికి వదులుతారు, బిందె నిండేదాకా నిలబడాలి.