మడి ఇంట్లో బొచ్చుకుక్క

ఆ రోజుల్లో మా గూళూరు పక్క కుక్కకు ఎక్కడ పోసుకోవాలో నేర్పే అలవాటు లేదు. దానికి తోచిన చోట అది కాలెత్తేది, మనకు దొరికిన పుల్ల మనం విసిరేవాళ్ళం, అంతటితో ఇద్దరి చదువూ పూర్తయ్యేది. అట్లాంటి ఊరినుంచి పోయిన నాకు చింతామణిలో ఒక షావుకారింట్లో దొరికిన మొదటి ఉద్యోగం, కుక్కపిల్లకు మర్యాద నేర్పడం. (నన్ను పిలిచింది ఇంటిపనికే. చేరిన మర్నాడే షావుకారు కోడలు బెంగళూరునుంచి పిడికెడు తెల్ల పామేరియన్ పిల్లను ఒళ్ళో పెట్టుకుని కారు దిగింది.) నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు, అక్షరం ముక్క రాదు. ఊరు విడిచేటప్పుడు మా వదిన "నెల తిరక్కుండా మూట కట్టుకుని వస్తావులే" అని నవ్వింది. అందుకని ఆ ఇంట్లో ఎవరేం చెప్పినా తలూపడమే పెట్టుకున్నాను.

కోడల్ని నేను అక్కా అనేదాన్ని. ఆమె కుక్కల డాక్టరు ఇచ్చిన కాగితం నా చేతికిచ్చి "ఎట్ల నేర్పాలో అంతా ఇందులో ఉండాది, చదువుకో" అంది. నేను చదివినట్టే కళ్ళు పైకీ కిందికీ తిప్పి, "సరేక్కా" అని కాగితం మడిచి నడుముకు దోపుకున్నాను. ఇక మిగిలింది సొంత తెలివి. మా ఊళ్ళో పసిబిడ్డల్ని పాదాల మీద కూర్చోబెట్టుకుని "ఉస్ ఉస్" అంటారు కదా, నేనూ పెరట్లో తెంకాయ చెట్టు కింద కుక్కపిల్లను అట్లాగే కూర్చోబెట్టుకుని అదే పాట ఎత్తుకున్నాను. వెచ్చగా ఉందేమో, అది నిద్రపోయింది. గోడ అవతలినుంచి పక్కింటామె "ఎవురి బిడ్డమ్మే? ఆ ఇంట్లో కానుపైనట్టు మాకు చెప్పనే లేదే!" అంది. దాన్ని లేపి లోపలికి తెచ్చి దించానో లేదో, హాలు మూలకు పరుగెత్తి పని కానిచ్చేసింది.

ఆ ఇంటికి పెద్దదిక్కు షావుకారు తల్లి. అందరూ అవ్వా అనేవాళ్ళు. ఆమెకు మడి అంటే ప్రాణం. నేను ఫినాయిలుతో ఎంత తుడిచినా ఆమె కంటికి ఆనేది కాదు. రాగి చెంబులో ఆవు పంచితం (మా పక్క గంజళం అంటారు) తెచ్చి, మామిడాకు ముంచి మూడుసార్లు చల్లితేనే ఆ చోటు శుద్ధి. కుక్క పోస్తుంది, నేను తుడుస్తాను, అవ్వ చల్లుతుంది, గంటకంతా అది మళ్ళీ అక్కడే పోస్తుంది. పది రోజులు ఆవుకూ నాకూ ఊపిరి సలపలేదు. చివరికి అవ్వ తీర్పు చెప్పింది. "వరలక్ష్మీ వ్రతం దాకా చూస్తా. ఆ పొద్దు గాన ఇంట్లో పోసిందా, దాన్నీ నిన్నూ ఒకే బస్సు ఎక్కిస్తా!" కుక్కపిల్లను చంకన పెట్టుకుని గూళూరులో బస్సు దిగుతుంటే మా వదిన నవ్వే నవ్వు నాకు చింతామణికే వినిపించింది.

వ్రతం ఇంకో రెండురోజులుందనగా షావుకారు ఒక చావింటికి పోయి వచ్చాడు. ఆయన చెప్పులు విడిచిన చోట అవ్వ గంజళం చల్లింది. అంతవరకూ ఆ వైపే చూడని కుక్కపిల్ల నేరుగా అక్కడికి పోయి, ముక్కు ఆనించి, 'ఓహో, ఇదీ మన చోటేనా' అన్నట్టు ఒకసారి చూసి కూర్చుంది. అప్పుడు వెలిగింది నాకు. దానికి చోటు చూపిస్తున్నది అవ్వే! ఆ వాసన దాన్ని రారమ్మని పిలుస్తోంది. కానీ గంజళం చల్లవద్దని ఆమెతో చెప్పేదెవరు? చెప్పేద్దామని ఎదురుగా పోయి నిలబడతాను, "ఏమ్మే?" అంటుంది, "కాఫీ తాగుతారా అవ్వా?" అంటాను. (పాపం, ఆ రెండురోజులూ అవ్వకు సరిగా నిద్ర లేదు.)

శుక్రవారం పొద్దున హాల్లో కలశం పెట్టారు. ముత్తైదువలు ఒక్కొక్కరే వస్తున్నారు. అవ్వ చెంబు తెచ్చి, మామిడాకు ముంచి, పీట చుట్టూ చల్లబోయింది. నా చంకలో కుక్కపిల్ల ముక్కు ఎగరేసి దూకడానికి గింజుకుంది. "వద్దవ్వా! మీరు చల్లిన చోటే అది పోస్తాండాది!" అని అరిచేశాను. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. అవ్వ నన్ను చూసింది, చెంబును చూసింది, కుక్కను చూసింది.

"అంటే ఇన్ని దినాలూ దానికి బాత్రూము కట్టిచ్చింది నేనా?"

"మీరు కాదవ్వా, ఆవు" అన్నాను ఏడుపు మొహంతో.

అవ్వ పెరట్లోకి నడిచి, చెంబంతా తెంకాయ చెట్టు మొదట్లో వంచేసింది. పట్టుచీరల్లో ముత్తైదువలంతా వెనకే వచ్చి నిలబడ్డారు. నేను కుక్కపిల్లను దించాను. అది వాసన చూసింది, ఒక చుట్టు తిరిగింది, కూర్చుంది. "బలే నా కొడకా!" అని అవ్వ పెట్టిన కేకకు పక్కింటామె గోడమీదికి తల పెట్టింది. ఆ రోజునుంచి ఇంట్లో పసుపునీళ్ళు, పెరట్లో గంజళం. నన్ను బస్సెక్కించే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆరేళ్ళు అక్కడే ఉన్నాను.

ఇప్పుడు నేను మాట మనసులోకి రాకముందే అనేస్తాను. ఈ వయసులో రాయడం కూడా వచ్చింది గనుక అన్నది చాలక రాసేస్తున్నాను కూడా. ఒక్క మాట చెప్పడానికి రెండురోజులు అవ్వ చుట్టూ తిరిగిన ఆ పిల్లను ఒకసారి చూడాలని ఉందని మా ఇంట్లోవాళ్ళు అంటుంటారు. నాకూ ఉంది.