అక్కయమ్మకు పద్మశ్రీ ఇవ్వొచ్చా?

కన్నడ రాష్ట్రంలోని తెలుగు పల్లె పాతపాళ్య బడిలో ఇరవై ఒక్క ఏళ్ళు పిల్లలకు బిసియూట, అంటే మధ్యాహ్న భోజనం, వండిపెట్టిన అక్కయమ్మకు, తన పేరు ఢిల్లీ దాకా పోయిందన్న సంగతి చింతామణి బస్సులో తెలిసింది. ముందు సీటులో ఇద్దరు మగవాళ్ళు ఫోను చూస్తూ గట్టిగా వాదులాడుకుంటున్నారు.

"మధ్యాన్నం అన్నం వండినామెకు పద్మశ్రీ ఏందప్పా? రేపు మా ఇంటామె కూడా అడుగుతాది," అన్నాడొకడు.

"వండినందుకు కాదంట. పిల్లోళ్ళకు కన్నడం తెలిసేట్టు చేసిందంట. పాతపాళ్య అక్కయమ్మ అని రాసుండారు చూడు," అన్నాడు రెండోవాడు.

అక్కయమ్మ కొంగు తల మీదికి లాక్కుని కిటికీ వైపు తిరిగింది. చింతామణిలో దిగి, టమాటా నారు కొనుక్కుని, మళ్ళీ ఊరి బస్సెక్కింది.

ఇంటికొచ్చేసరికి అరుగు మీద భర్త సీనప్పతో శశికళ మాట్లాడుతూ కూర్చుని ఉంది. శశికళ ఆ ఊరి పిల్లే. ఇప్పుడు చింతామణి కాలేజీలో కన్నడ లెక్చరరు.

"అర్జీ నేనే పెట్టినానమ్మా. అడిగితే వద్దంటావని చెప్పలేదు," అంది శశికళ.

"ఏం రాసినావే దాంట్లో?"

"జరిగిందే రాసినా."

అక్కయమ్మ చిన్నప్పుడు బడికి పోయింది ఒక్క నెల. ఇంట్లో, చేలో, అంగట్లో అంతా తెలుగే. బడిలో మాత్రం కన్నడం. ఒకరోజు మేష్ట్రు ఆమెను లేపి ఏదో అడిగి, "హేళు, హేళు" అన్నాడు. చెప్పు, చెప్పు అని దానర్థం. ఆరేళ్ళ అక్కయమ్మకు అది 'వేలు' అని వినబడింది. చూపుడు వేలు ముందుకు చాపింది. అదే గదిలో కూర్చున్న పై తరగతి పిల్లలు గొల్లున నవ్వారు. తనను వెక్కిరిస్తోందనుకుని మేష్ట్రు ఆ వేలి మీదే బెత్తంతో కొట్టాడు. మరునాటి నుంచి ఆమె మేకల వెంట పోయింది.

కన్నడం ఆమెకు తర్వాత సాదలిలో వచ్చింది. మేనత్త ఇంట్లో ఉండి పట్టుపురుగులకు ఆకు వేసే పని చేసేటప్పుడు పక్కన కన్నడం మాట్లాడే ఆడవాళ్ళుండేవారు. వాళ్ళతో నవ్వుతూ, పోట్లాడుతూ నేర్చుకుంది. పెళ్ళయి పాతపాళ్యకు తిరిగొచ్చాక రెండెకరాల మెట్టలో రాగులు, వేరుశనగ పండించుకుంటూ ఉన్న రోజుల్లోనే బడిలో బిసియూట మొదలైంది. వంటకు మనిషి కావాలంటే ఆమె చేరింది.

రెండో ఏడు ధారవాడ వైపు నుంచి రవీంద్ర అనే కొత్త మేష్ట్రు వచ్చాడు. ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. జూన్ నెలలో ఒక పొద్దున అక్కయమ్మ సాంబారు కలుపుతూ వంటగది కిటికీలోంచి ఒకటో తరగతి వైపు చూసింది. మేష్ట్రు ఒక పాపను నిలబెట్టి "హేళు" అంటున్నాడు. ఆ పాప బిక్కమొహం వేసుకుని వేలు చాపింది. మేష్ట్రు మొహం ఎర్రబడింది.

అక్కయమ్మ చేతిలో గరిటెతోనే తరగతిలోకి నడిచింది. "కొట్టొద్దు మేష్ట్రే! బిడ్డకు మీ మాట తెల్దు. మీరు చెప్పమంటే వేలు చూపించమన్నారనుకుంటాండాది," అని కన్నడంలో గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. చెప్పాక ఉద్యోగం పోయిందనే అనుకుంది.

రవీంద్ర కాసేపు ఆ పాపనూ, ఆ గరిటెనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత ఒక బెంచీ వెనక్కి జరిపి, "కూర్చోండమ్మా" అన్నాడు.

అట్లా మొదలైంది. రోజూ పొద్దున బియ్యం కడిగి పెట్టి అక్కయమ్మ ఒకటో తరగతిలో అర్ధగంట కూర్చునేది. మేష్ట్రు కన్నడంలో ఒక మాట అంటే ఆమె పిల్లలకు తెలుగులో చెప్పేది. పిల్లలు తెలుగులో ఏదైనా అంటే మేష్ట్రుకు కన్నడంలో చెప్పేది. దసరా సెలవులు వచ్చేసరికి పిల్లలకు ఆమె అక్కరలేకపోయేది. మళ్ళీ జూన్‌లో కొత్త పిల్లలు. మేష్ట్రులు మారారు, వచ్చినవాళ్ళు వచ్చినట్టు మొదట వంటగదికి వచ్చి ఆమెను పలకరించేవారు. ఆ బెంచీ మీదే, పిల్లల పలకలు చూసి చూసి, నలభై ఏళ్ళ వయసులో ఆమె తన పేరు రాయడం నేర్చుకుంది. ఆ రోజు వేలు చాపిన పాప శశికళ.

ఇదంతా శశికళ రాసింది. దాని మీద నెల రోజులు చర్చ నడిచింది. వంటామె తరగతిలోకి పోవడం నిబంధనలకు విరుద్ధం కదా అన్నారు కొందరు. ఆమె చేసింది కన్నడ సేవా, తెలుగు సేవా అని ఇంకొందరు పట్టుకున్నారు. చివరికి బాగేపల్లిలో రిటైరైన ఉద్యోగుల సంఘం సభ పెట్టింది. తాలూకా తరఫున ఒక్క పేరుకే మద్దతుగా సంతకాలు చేసి పంపాలని వాళ్ళ ఆలోచన. పోటీలో ఇద్దరు మిగిలారు: ఆ ఊళ్ళోనే పేదలకు వైద్యం చేసే రామచంద్రప్ప డాక్టరు ఒకరు, అక్కయమ్మ ఒకరు.

సంఘం అధ్యక్షుడు పురుషోత్తమ్ ముక్కుసూటి మనిషి. "ఆయమ్మ మంచిది కాదని నేనంటాండానా? ఇది దేశం ఇచ్చే ప్రశస్తి, పెద్ద అవార్డు. ఒక ఊర్లో, ఒక ఇస్కూల్లో, ఒక క్లాసులో చేసిన పనికి ఇచ్చేదైతే ఊరికొకరు లేస్తారు," అన్నాడు.

అప్పుడు వెనక వరుసలోంచి రవీంద్ర లేచాడు. ఇప్పుడాయన నాగరగెరెలో హెడ్‌మాస్టరు. ధారవాడ యాస కలిసిన తెలుగులోనే మాట్లాడాడు. "నేను ఈ జిల్లాలో ఇరవై ఏళ్ళుగా ఉన్నాను. మొదటి నెలలో ట్రాన్స్‌ఫరు అడిగి పోదామనుకున్నాను. ఈమె లేకపోతే పోయేవాణ్ణి. పోయేలోపల ఎంతమంది పిల్లల్ని కొట్టేవాణ్ణో నాకు తెలుసు. నాకు మాట నేర్పింది ఈమె. అంతే చెప్పాలని బస్సెక్కి వచ్చాను."

అక్కయమ్మను మాట్లాడమన్నారు. ఆమె మైకు పట్టుకోలేదు.

"డాక్టరప్ప పేరే పంపండి. మా ఇంటాయన్ను పాము కరిస్తే ఆయనే బతికించినాడు. ఇంగ నా సంగతంటారా, ఆ దినం ఈ మేష్ట్రు బయటికి పో అనింటే పొయ్యుండేదాన్నే. గరిటె పట్టుకొని వచ్చిన ఆడదాన్ని కూర్చో అన్నాడు. బిడ్డలు నాకు అచ్చరాలు నేర్పించినారు. నేను దండం పెట్టుకోవాల్సినోళ్ళే శానామంది ఉండారు, సామీ," అని రవీంద్ర వైపు తిరిగి చేతులు జోడించింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

చేతులెత్తమంటే డాక్టరుకే ఎక్కువ లేచాయి. తిరుగు బస్సులో శశికళ మూతి ముడుచుకుని కూర్చుంది.

"నీకెందుకే కోపం? ఇన్నేండ్లు నేను చేసింది ఒక పని అని నాకే తెల్దు. నువ్వు రాస్తే తెలిసింది. ఇంతకంటే ఏం కావల్ల?" అంది అక్కయమ్మ. శశికళ ఆమె భుజం మీద తల వాల్చింది.

జనవరిలో జాబితా వచ్చింది. అక్కయమ్మ పేరు లేదు. డాక్టరు పేరూ లేదు. "అంత మంచాయప్పకు కూడా రాలేదే," అని సీనప్ప రెండు రోజులు టీవీని తిట్టాడు.

మే నెలలో పురుషోత్తమ్ స్కూటరు మీద పాతపాళ్యకు వచ్చాడు. మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"అమ్మా, ప్రశస్తి విషయంలో నా మాట మార్చుకోను. ఆ దినం అన్నది ఇప్పుడూ అంటా. అయితే ఈ ఏడు మన తాలూకాకు కొత్త మేష్ట్రులు ముప్పైమంది వస్తాండారు. అందరూ బిజాపూరు, బాగల్‌కోట వైపోళ్ళు, తెలుగు తెల్దు. వాళ్ళకు ట్రైనింగ్ ఉండాది. బిడ్డల మాట వాళ్ళకు నేర్పేదానికి నిన్ను పిలిపించమని నాలుగుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగినా. ఒప్పుకున్నారు. వస్తావా?"

"నేను యాడ, ట్రైనింగ్ యాడ సార్!" అంది గానీ, అక్కయమ్మ ఆ వారమే చీర ఇస్త్రీ చేయించుకుంది.

బాగేపల్లిలో ఆ గది నిండా కుర్రవాళ్ళూ, అమ్మాయిలూ నోటు పుస్తకాలు తెరిచి కూర్చున్నారు. మంజుశ్రీ అనే కొత్త టీచరమ్మ లేచి, "మొదటి రోజు పిల్లలు ఇంటికి పోతామని ఏడుస్తారు కదమ్మా, అప్పుడు తెలుగులో ఏమనాలి?" అని కన్నడంలో అడిగింది.

అక్కయమ్మ బోర్డు దగ్గరికి నడిచింది. "అమ్మ వస్తాది లే బంగారూ, అంతలోపల మనం అన్నం తిందాం రా, అనండి," అని నిదానంగా, మాట మాటకీ ఆగుతూ చెప్పింది. ముప్పైమంది తలలు వంచి కన్నడ లిపిలో రాసుకున్నారు. తర్వాత అందరూ కలిసి పైకి చదివారు. వాళ్ళ నోట్లో తెలుగు అడ్డదిడ్డంగా తిరిగింది. అక్కయమ్మకు నవ్వూ, కన్నీళ్ళూ ఒక్కసారే వచ్చాయి. "బాగుండాది, ఇంగొక్కసారి అనండి," అంది.