అత్తయ్య ఏలిన రాజ్యం

ఉప్పల్‌లో మా పక్క స్థలంలో నిన్నటి నుంచి సెల్లార్ కోసం తవ్వుతున్నారు. పొక్లెయిన్ మట్టిలోకి దిగినప్పుడల్లా వంటింట్లో గిన్నెలు అదురుతున్నాయి, నా గుండె కూడా. ఇంట్లోవాళ్లు నవ్వుతున్నారు. నవ్వనీ. నాచారంలో మా మేనత్త అధ్యక్షురాలిగా ఉన్న రోజుల్ని వాళ్లు చూడలేదు.

అత్తయ్య ఉత్త పిరికిది. లిఫ్టు ఎక్కదు, కుక్కర్ కూత వేస్తే చెవులు మూసుకుంటుంది. అలాంటి మనిషి ఒక అపార్ట్‌మెంట్‌ను ఏలడానికి కారణం మామయ్య. కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరైనా, ఆయన కాపురం ప్రాచీన గ్రీసులోనే. ఆదర్శ రాజ్యం ఊసెత్తందే కాఫీ కూడా తాగేవారు కాదు. అసోసియేషన్ ఎన్నికల్లో ఇద్దరు పెద్దమనుషులు చొక్కాలు పట్టుకుంటే, "పదవి కోసం ఎగబడేవాడికి పదవి ఇవ్వకూడదని గ్రీకులు ఏనాడో చెప్పారు. వద్దనేవాళ్లనే కూర్చోబెట్టండి" అని తీర్పు చెప్పారు. అందరికంటే గట్టిగా వద్దన్నది అత్తయ్యే. ఏడ్చింది కూడా. ఆ ఏడుపు చూసి ఏకగ్రీవం చేసేశారు.

ఆ వర్షాకాలం అక్కడి పక్క స్థలంవాళ్లు సెల్లార్ కోసం అత్తయ్య వాళ్ల ప్రహరీ పునాది దాకా తవ్వి వదిలేశారు. ముసురు పట్టుకుంది. నేను భోజనానికి వెళ్లిన రోజున పార్కింగ్ స్తంభం మీద వెంట్రుకంత బీట ఉంది. బిల్డర్ పంపిన ఇంజనీరు తట్టి చూసి, ఏం కాదని వెళ్లిపోయాడు. భోజనాలయ్యాక ఆ బీటలో అత్తయ్య చూపుడువేలు పట్టింది.

ఆవిడ తలుపు తలుపూ కొట్టింది. "ఇంజనీర్ సూసిండు గదక్కా, ఏం గాదన్నడు. ఎందుకు గింత ఫికర్ జేస్తున్నవ్?" అన్నాడు కింది ఫ్లాటాయన.

"నాకేం తెలీదన్నయ్యగారూ, భయమేస్తోంది. పిల్లల్ని తీసుకుని దిగండి." ప్రతి గుమ్మంలోనూ అదే మాట, అదే ఏడుపు. తిట్టుకుంటూనే అందరూ దిగారు.

దిగనిది మామయ్య ఒక్కరే. బాల్కనీలో పడక్కుర్చీ వదల్లేదు. "ఎవరికి తెలిసిన పని వాళ్లు చెయ్యడమే న్యాయం. గోడల సంగతి తెలిసింది ఇంజనీరుకి. నీకు తెలిసింది భయం ఒక్కటే. భయం రాజ్యమేలకూడదు" అన్నారు. కింద పెచ్చులు రాలుతున్న చప్పుడు. వాళ్లిద్దర్నీ అక్కడే వదిలేసి పరిగెత్తాలనిపించింది నాకు.

అత్తయ్య ఆయన కాళ్ల దగ్గర నేలమీద కూర్చుంది. "నేను అధ్యక్షురాలినండీ. మీరు దిగందే నేను దిగకూడదు" అంది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. మామయ్య ఆవిడ కేసి చూశారు. తువ్వాలు భుజాన వేసుకుని లేచారు.

మేం రోడ్డెక్కి వెనక్కి తిరిగేసరికి ప్రహరీ గోడ, దాని వెంట స్కూటర్లు, మామయ్య పడక్కుర్చీతో సహా ఆ వైపు బాల్కనీలన్నీ గోతిలోకి జారిపోయాయి.

మామయ్య ఆ తర్వాత చాలా కాలం ఉన్నారు. గ్రీకుల గురించి చెబుతూనే ఉన్నారు, కానీ ఎవరు పాలించాలన్న దగ్గరికొచ్చేసరికి అత్తయ్య వైపు చూసి ఆగిపోయేవారు. ఆయన చదువు ఆయనకి చాలానే ఇచ్చింది. ఆ చివరి ఏళ్లు మాత్రం అత్తయ్య భయం పెట్టిన భిక్ష.